చదువులో వెనుకబడిన బాలలు - పాఠశాల బాధ్యత

విద్యార్జన ప్రతి ముస్లింపై విధి అన్న మాట మన సభలలో తరచుగా వినబడుతుంది. పిల్లలను బడికి పంపని తల్లిదండ్రులను మందలించడం కూడా జరుగుతుంది. అయితే బడికి క్రమం తప్పక వస్తూ, నలుగురితో పాటు అదే బల్లపై కూర్చుంటూ, ఏళ్లు గడిచినా చదవడం రాని పిల్లవాని సంగతి ఈ సభలలో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. అతని విషయంలో విధి ఎవరిపై ఉన్నది? పిల్లవానిపైనా, తండ్రిపైనా, ఉపాధ్యాయునిపైనా? సాధారణంగా 'కుంద్‌జెహన్' అనో, 'మందబుద్ధి' అనో ఒక్క మాటతో అతని సంగతి తేల్చివేయడం పరిపాటి. ఆ మాట పడిన తరువాత అతడు నాలుగైదు తరగతుల వరకు ఎలాగో నెట్టుకువచ్చి, ఏ మెకానిక్ షెడ్డులోనో, ఏ దర్జీ దుకాణంలోనో పనికి కుదురుతాడు. ఆడపిల్ల అయితే ఇంటిపట్టునే ఉండిపోతుంది.

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం బాలలలో నాలుగో వంతు మంది అసలు బడిలో చేరనివారో, చేరి మానుకున్నవారో అని తేల్చింది. ఇందుకు బీదరికం పెద్ద కారణమన్నది నిర్వివాదాంశం. కాని పనికి పంపక తప్పక మాన్పించడం ఒకటి, 'వీడికి చదువు అంటడం లేదు, పనైనా నేర్చుకుంటాడు' అని మాన్పించడం మరొకటి. రెండవదానిలో బీదరికంతో పాటు బడి వైఫల్యం కూడా కలిసి ఉన్నది. బడి ఈడు ముస్లిం పిల్లలలో మద్రసాలలో చదివేవారు సుమారు 3 శాతమేనని కూడా అదే నివేదిక చెప్పింది. కనుక ఈ ప్రశ్న ప్రధానంగా సాధారణ పాఠశాలలకు సంబంధించినది. మద్రసాల వంతు ఏమిటో తరువాత చూద్దాం.

సికిందరాబాదులో జరిగిన కృషి

ఈ విషయంలో దేశంలోనే గణనీయమైన కృషి జరిగిన చోటు మన సికిందరాబాదులోనే ఉన్నది. 1984లో కేంద్ర ప్రభుత్వం బోయినపల్లి ప్రాంతంలోని మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. మేధోవైకల్యంగల వ్యక్తుల సాధికారత కోసం పనిచేసే జాతీయ సంస్థ అని ఇప్పుడు దాని పేరు మారింది. ఈ పేరు మార్పు కేవలం మర్యాద కోసం కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో 'బుద్ధిమాంద్యం' అన్న అర్థంలో వాడిన పదాన్ని 2016 చట్టం విడిచిపెట్టి 'మేధోవైకల్యం' అన్నది. మొదటి పదం మనిషిపై ముద్ర వేస్తుంది, రెండవది అతనికి ఉన్న ఒక ఇబ్బందిని పేర్కొంటుంది.

ఈ సంస్థ పేరు వినగానే అది తీవ్రమైన వైకల్యంగల పిల్లలకు మాత్రమే సంబంధించినదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సాధారణ పాఠశాలలో కూర్చొని వెనుకబడుతున్న పిల్లల కోసం, వారి ఉపాధ్యాయుల కోసం అక్కడ తయారైన సాధనాలు ఉన్నాయి. జయంతి నారాయణ్ రూపొందించగా 1997లో ఆ సంస్థ ప్రచురించిన తరగతిస్థాయి మదింపు సాధనం వాటిలో ఒకటి. 1 నుంచి 4 తరగతుల వరకు ఇంగ్లీషు, హిందీ, గణితం - ఈ మూడు విషయాలలో పిల్లవాడు నిజంగా ఏ తరగతి స్థాయిలో ఉన్నాడో తరగతి ఉపాధ్యాయుడే తెలుసుకోవడానికి ఇది ఉపకరిస్తుంది. ఇందుకు మనస్తత్వ నిపుణుడు రావలసిన పని లేదు.

దీనివల్ల ప్రయోజనం ఏమిటన్న సందేహం కలగవచ్చు. ఒక బాలుడు 4వ తరగతిలో ఉన్నాడనుకుందాం. పరీక్షలో అతనికి సున్నా వచ్చింది. ఆ సున్నా ఉపాధ్యాయునికి చెప్పేది ఒక్కటే, అతనికి 4వ తరగతి పాఠం రాదని. అతనికి ఏమి వచ్చునో అది చెప్పదు. స్థాయిని కిందికి దించుకుంటూ పోయి చూస్తే, కూడిక వచ్చునుగాని పదుల స్థానానికి అంకె చేర్చవలసినచోట తడబడుతున్నాడని తెలుస్తుంది. అక్కరాలు గుర్తుపడతాడుగాని వాటిని కలిపి మాటగా పలకలేడని తెలుస్తుంది. అనగా అతడు 4వ తరగతిలో కూర్చున్న 2వ తరగతి విద్యార్థి. అతనికి భాగహారం వందసార్లు చెప్పినా అంటదు, దండించినా అంటదు. పదుల స్థానం దగ్గరనుంచి మొదలుపెడితే ముందుకు సాగుతాడు.

ప్రత్యేక విద్యార్థుల కోసం ఈ సంస్థ రూపొందించిన మరొక మదింపు పట్టిక కూడా ఇక్కడ చెప్పుకోదగినది. స్వంత పనులు, నలుగురిలో మెలగడం, చదువు, వృత్తికి కావలసిన నేర్పు, ఆటపాటలు - ఇలా అయిదు రంగాలలో పిల్లవాని శక్తిని అది నమోదు చేస్తుంది. ఒక స్థాయిలో 80 శాతం సాధించిన పిల్లవానిని పై స్థాయికి పంపుతారు. అయితే అందులో 'వచ్చును', 'రాదు' అన్న రెండు గడులతో సరిపెట్టలేదు. స్వయంగా చేస్తాడా, చిన్న సూచన అందిస్తే చేస్తాడా, నోటితో చెబితే చేస్తాడా, చెయ్యిపట్టి చేయిస్తే చేస్తాడా అన్నది కూడా రాస్తారు. నిన్న చెయ్యి పట్టుకుంటేగాని అక్షరం దిద్దనివాడు నేడు నోటిమాటతో దిద్దితే, మన పరీక్షల లెక్కలో అది ఇంకా సున్నాయే. ఈ పట్టిక లెక్కలో అది ఒక మెట్టు ఎక్కడం.

కారణాలు వేరు, చికిత్స వేరు

వెనుకబాటుకు కారణాలు అనేకం ఉండగా అన్నింటికీ ఒకే పేరు పెట్టడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. చెవి తరచుగా కారే పిల్లవాడు సగం పాఠం వినలేడు. వెనుకనుంచి పిలిస్తే పలకక, ఎదుటనుంచి పిలిస్తే పలికే పిల్లవానికి కావలసినది దండన కాదు, చెవి వైద్యుడు. బోర్డు చూడకుండా పక్కవాని పుస్తకంలో చూసి రాసుకునే పిల్లవాడు దొంగ కానక్కరలేదు, చూపు ఆనక అలా చేస్తూ ఉండవచ్చు. ఈ రెండు పరీక్షలు ముందు జరగాలి. తక్కిన ఏ నిర్ధారణకైనా వీటి తరువాతనే వెళ్లాలి. ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. ఆచరణలో మాత్రం ఎన్నో ఇళ్లలో తాయెత్తు ముందు కట్టిస్తారు, కళ్లజోడు మాట ఎన్నడో గుర్తుకు వస్తుంది. దుఆ చేయించడాన్ని ఎవరూ కాదనరు. చికిత్స చేయించమన్నది కూడా దైవప్రవక్త (స) బోధనే.

మేధోవైకల్యం వేరు, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వేరు. మొదటిదానిలో వయసుకు తగిన అవగాహన అన్ని విషయాలలోనూ, నిత్యజీవితపు పనులలోనూ తక్కువగా ఉంటుంది. రెండవదానిలో పిల్లవాడు చురుకైనవాడే. అంగడికి పంపితే చిల్లర సరిగ్గా లెక్కపెట్టి తెస్తాడు, విన్న కథ చక్కగా చెబుతాడు, కాని అచ్చులో ఉన్న వాక్యం ఎదుట పెడితే అతనికి అది అల్లుకుపోయిన దారాల ఉండలా ఉంటుంది. చదవడంలో వచ్చే ఈ చిక్కును డిస్లెక్సియా అంటారు. రాతలోనో, గణితంలోనో మాత్రమే చిక్కు ఉండేవారూ ఉన్నారు. వీరిని 'సోమరి' అంటారు, ఎందుకంటే మిగతా పనులన్నీ చక్కగా చేస్తారు గనుక. ఆ నింద విని విని చివరకు నిజంగానే ప్రయత్నం మానివేస్తారు.

హిఫ్జ్ తరగతులలో ఈ చిక్కు మరుగున పడే అవకాశం ఎక్కువ. వినికిడి జ్ఞాపకం బలంగా ఉన్న బాలుడు ఇతరులు చదువుతుండగా విని సూరాలు కంఠస్థం చేస్తాడు. ముస్‌హఫ్ తెరిచి, వేలు పంక్తి మీద కదుపుతూ ధారాళంగా వినిపిస్తాడు. ఉస్తాద్‌కు అతడు చదువుతున్నట్లే కనిపిస్తుంది. అతనికి కంఠతా లేని పుటలో, పంక్తి నడుమ ఉన్న ఒక మాట మీద వేలు పెట్టి అడిగితేగాని అసలు విషయం బయటపడదు.

ఇక సికిందరాబాదుకు ప్రత్యేకంగా వర్తించే కారణం భాష. దండు ఊరుగా 1806లో నెలకొన్న ఈ నగరంలో ఉర్దూ, తెలుగు, తమిళం, ఇంగ్లీషు ఒకే వీధిలో వినబడతాయి. ఇక్కడి ముస్లిం బాలుడు ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు. మక్తబ్‌లో అరబీ అక్షరాలు కుడినుంచి ఎడమకు చదువుతాడు. ఒక గంట తరువాత బడిలో తెలుగును, ఇంగ్లీషును ఎడమనుంచి కుడికి చదువుతాడు. ఆరేడేళ్ల పిల్లవాడు మొదట్లో రాతదిశ విషయంలో తికమకపడితే ఆశ్చర్యం లేదు. ఉర్దూ మాధ్యమంలో చేరినవాని కష్టం కూడా తక్కువది కాదు. పాఠ్యపుస్తకపు ఉర్దూకు, అమ్మ మాట్లాడే దక్కనీకి మధ్య దూరం ఉన్నది. మన ప్రాంతపు ఉచ్చారణలో ఖాఫ్ అక్షరం ఖే వలె పలుకుతుంది. కనుక 'కలం'ను సూచించే మాటను పిల్లవాడు ఖేతో రాస్తే, అది అతని చెవి చేసిన తప్పు కాదు. ఊరంతా పలికే విధంగానే అతడు రాశాడు. సీన్, సే, స్వాద్ మూడింటిది ఒకే ధ్వని. జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగింటిదీ అంతే. ఈ మాటల రాతను చూసి చూసి గుర్తుపెట్టుకోవలసిందే తప్ప ధ్వనినిబట్టి ఊహించడానికి వీలులేదు.

మరి భాష తెలియకపోవడం వల్ల వచ్చిన వెనుకబాటును, అభ్యసన వైకల్యాన్ని వేరుచేయడం ఎలా? మొదటగా చూడవలసినది పిల్లవానికి బాగా వచ్చిన భాషలో అతని పరిస్థితి. తెలుగులో మాత్రమే తడబడి, ఇంటిభాషలో ప్రశ్న అర్థం చేసుకొని జవాబు చెప్పగలిగి, ఉర్దూ వాచకం ఈడుకు తగినట్లు చదవగలిగితే అతనికి కావలసినది తెలుగు నేర్పే సహాయం. నేర్పిన ప్రతి లిపిలోనూ, ఇంటిభాషలో సైతం, అదే విధంగా చిక్కుపడుతుంటే అప్పుడు లోతుగా పరీక్షించాలి. ఆ పరీక్ష సైతం పిల్లవానికి తెలిసిన భాషలో జరగాలి. ఉర్దూ మాట్లాడే బాలుని తెలివిని తెలుగు ప్రశ్నలతో కొలిచి తక్కువని తేల్చడం, తూనికరాయి మార్చి తూచడం వంటిది.

ముయీద్ పదవి

ఇలాంటి విద్యార్థికి బడిలోనే ప్రత్యేక సహాయం చేయాలన్న భావన పడమటి దేశాలనుంచి దిగుమతి అయినదని కొందరి అపోహ. మన దేశంలో వికలాంగ బాలల సమైక్య విద్యా పథకం 1974లో మొదలయిన మాట నిజమే. సాధారణ తరగతిలోనే పిల్లవానిని ఉంచి, కొంతసేపు ప్రత్యేక ఉపాధ్యాయుని సహాయం అందించడం దాని ఉద్దేశం. కాని ఇస్లామీయ విద్యాచరిత్ర చదివినవారికి ఈ ప్రత్యేక ఉపాధ్యాయుడు కొత్తవాడు కాడు. మధ్యయుగపు మద్రసాలలో 'ముదర్రిస్'తో పాటు 'ముయీద్' అనే పదవి ఉండేది. ముయీద్ అనగా తిరిగి చెప్పేవాడు. ముదర్రిస్ పాఠం ముగించిన తరువాత, అర్థంకాని విద్యార్థులను కూర్చోబెట్టి అదే పాఠం మళ్లీ విడమరచి చెప్పడం అతని పని. పాఠం వినడమే కాక కొందరు విద్యార్థులకు దానిని బోధపరచి మేలు చేయడం ముయీద్‌పై అదనపు బాధ్యత అని తాజుద్దీన్ సుబ్కీ (మరణం హి. 771/క్రీ.శ. 1370) నిర్దేశించారు. అనేక వఖ్ఫ్‌నామాలలో ముదర్రిస్ జీతంతో పాటు ముయీద్ జీతం కూడా కేటాయించబడేది. ఈ పదవి చిన్నదిగా భావింపబడలేదు. బగ్దాద్ నిజామియ్యాలో ఆచార్యపీఠం అలంకరించిన అబూ ఇస్హాఖ్ షీరాజీ అంతకు పూర్వం తన గురువు వద్ద ముయీద్‌గా ఉన్నవారే.

పాఠం పరిమాణం గురించి కూడా మన పెద్దలు ఆలోచించారు. తాలీముల్ ముతఅల్లిమ్ గ్రంథంలో ఇమామ్ జర్‌నూజీ, రెండుసార్లు వల్లెవేస్తే నిలిచేటంత మాత్రమే మొదటి సబఖ్‌గా ఇవ్వాలని, దానిని కొద్దికొద్దిగా పెంచుకుపోవాలని పూర్వగురువుల పద్ధతిగా పేర్కొన్నారు. ఇబ్న్ ఖల్దూన్ (1332-1406) తన ముఖద్దిమాలో ఒక విద్యను మూడు ఆవృత్తులలో, తేలిక నుంచి కఠినానికి బోధించాలన్నారు. చిన్న పిల్లలపట్ల కాఠిన్యం వారిని అబద్ధానికి, కపటానికి, సోమరితనానికి నెడుతుందని హెచ్చరించారు. ఆయనకు అయిదు శతాబ్దాల ముందు ఖైరవాన్‌లో ముహమ్మద్ ఇబ్న్ సహ్నూన్ (మరణం హి. 256/క్రీ.శ. 870) ఉపాధ్యాయుల నియమాలపై రాసిన గ్రంథంలో, బీద పిల్లవాడు, ధనిక పిల్లవాడు గురువు దృష్టిలో సమానంగా ఉండాలని నిర్దేశించారు.

అన్నింటికంటే ముందు దివ్యఖుర్ఆన్‌లోనే ఒక దృష్టాంతం ఉన్నది. తాహా సూరాలో, ఫిరౌన్ వద్దకు వెళ్లవలసిందిగా ఆజ్ఞ అయినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని, సోదరుడు హారూన్‌ను సహాయకునిగా నియమించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ వేడికోలు అంగీకరించబడింది. మాటలో ఇబ్బంది ఉన్నదన్న కారణాన ఆ బాధ్యత మరొకరికి మార్చబడలేదు. ఆయనకు తోడు ఇవ్వబడింది.

మన మక్తబ్‌లలో ఈ పద్ధతి కొంత ఇప్పటికీ సజీవంగా ఉన్నదన్నది గమనించదగిన విషయం. నాజిరా తరగతిలో ముప్పైమంది పిల్లలు ఉంటే ముప్పై సబఖ్‌లు ఉంటాయి. ఒకడు మూడవ పారాలో ఉంటాడు, మరొకడు ఇంకా ఖాయిదా దగ్గరే ఉంటాడు. ఒక్కొక్కడు ఉస్తాద్ ఎదుట కూర్చొని తన సబఖ్ తాను వినిపిస్తాడు. అది పక్వమైతేనే కొత్తది ఇస్తారు. పాత పాఠం ఆమూఖ్తాగా మళ్లీ మళ్లీ వినిపించుకుంటారు. ఎవరి స్థాయినుంచి వారిని నడిపించడం అంటే ఇదే. ఆ పిల్లవాడే పది గంటలకు బడికి వెళ్లి, తన స్థాయికి రెండేళ్లు పైనున్న ఉమ్మడి పాఠం ముందు మౌనంగా కూర్చుంటాడు. మక్తబ్‌లో లోపించినది మరొకటి. పాఠం సాగకపోతే ఎందుకు సాగడం లేదని విచారించే అలవాటు తక్కువ, బెత్తం అందుబాటులో ఉండటం ఎక్కువ. బడికి మక్తబ్ పద్ధతి, మక్తబ్‌కు మనోవికాస్‌నగర్ విచారణ - ఒకదాని కొరత మరొకటి తీర్చగలదు.

చట్టం చెప్పేది, చెప్పనిది

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చింది. ప్రభుత్వ నిధులు లేక గుర్తింపు పొందిన విద్యాసంస్థలు ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనాపద్ధతులు చేపట్టాలని దాని 16వ సెక్షను ఆదేశిస్తుంది. కనుక గుర్తింపు పొందిన బడి యజమాన్యం 'మీవాడిని వేరే చోట చేర్చుకోండి' అంటే, అది సలహా కాదు, చట్ట ఉల్లంఘన. ఈ సంగతి తెలియక ఎందరో తల్లులు తలవంచుకొని టీసీ తీసుకుపోతున్నారు.

సర్టిఫికెట్ విషయంలో ఒక అపార్థం ఉన్నది. అభ్యసన వైకల్యానికి ధ్రువీకరణ 8 ఏళ్లు నిండినవారికే ఇవ్వాలని 2018 జనవరిలో వెలువడిన మార్గదర్శకాలు పేర్కొన్నాయి. పరీక్షలలో అదనపు సమయం వంటి సౌకర్యాలకు ఆ కాగితం అవసరం. పాఠం తిరిగి చెప్పడానికి ఏ కాగితమూ అవసరం లేదు. 6వ ఏట కనిపించిన చిక్కుకు సహాయాన్ని 8వ ఏటి వరకు ఆపితే, ఆ రెండేళ్లలో అంతరం మరింత పెరుగుతుంది.

మద్రసాల సంగతి వేరు. 2012 సవరణ ద్వారా మద్రసాలకు, వేదపాఠశాలలకు, ప్రధానంగా మతవిద్య బోధించే సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని స్పష్టం చేయబడింది. గుర్తింపు గాని, నిధులు గాని తీసుకోని మద్రసాకు పైన చెప్పిన 16వ సెక్షను కూడా అంటదు. ఈ మినహాయింపును మనం కోరుకున్నాం, పొందాం. దాని ఫలితంగా, మద్రసాలో వెనుకబడిన బాలుని తరఫున అడిగే అధికారి ఎవరూ లేరు. అడగవలసినది నిర్వాహక కమిటీ, చందా ఇచ్చే జమాత్. మినారుకు, పాలరాతికి చందా పోగు కావడం కనబడుతూనే ఉన్నది. ఒక ముయీద్ జీతం అంతకంటే చాలా తక్కువ.

ఆచరణలో ఇందుకు కావలసినది పెద్ద ఏర్పాటు కాదు. ఒక గది, రోజుకు ఒక గంట, ఒకేసారి అయిదారుగురికి మించని పిల్లలు చాలు. ఆటల గంటను మాత్రం ఇందుకు వాడరాదు. ఆట పోయిన పిల్లవాడు ఆ గదిని శిక్షగా భావిస్తాడు. తక్కినవారు 'మందబుద్ధి గది' అని పేరుపెట్టకుండా ఉండాలంటే, బాగా చదివేవారిని కూడా అప్పుడప్పుడు అక్కడికే పిలిచి, చిన్నవారికి చదివి వినిపించే పని అప్పగించడం మంచిది. ఒక్కొక్క బాలునికి నోటుపుస్తకంలో ఒక పుట కేటాయించి, ఏ స్థాయినుంచి మొదలుపెట్టారో, ఏ పని ఎంత సహాయంతో చేశాడో, ఏ తేదీన ఆ సహాయం తగ్గించారో రాసుకోవాలి. చెవి, కన్ను పరీక్షించిన తేదీ మొదటి పంక్తిలో ఉండాలి.

రెండు మూడు నెలలు ఈ విధంగా సాగినా కదలిక కనిపించని పిల్లవానిని నిపుణుల వద్దకు తీసుకుపోవాలి. అప్పుడు తల్లిని కూడా వెంట రమ్మనాలి. పిల్లవాడు ఎప్పుడు నడిచాడో, ఎప్పుడు మాట్లాడాడో, ఇంట్లో ఏ పనులు స్వయంగా చేసుకుంటాడో ఆమెకే తెలుసు. ఈ ప్రశ్నలే అక్కడ ముందుగా అడుగుతారు. మౌల్వీ సాబ్ గాని, టీచరు గాని రాసిన ఆ పుటను కూడా వెంట తీసుకుపోతే, పరీక్షించేవారు పిల్లవానికి ఏమి రాదన్న దగ్గరనుంచి కాక, ఏమి వచ్చునన్న దగ్గరనుంచి పని మొదలుపెట్టగలుగుతారు.